మా వసారాలో మొదలైన బ్యాంకు

నరసరావుపేటలో నేను బాకీ ఉన్న బ్యాంకు ఒకప్పుడు మా తాతగారి వసారాలో మొదలైంది. వాళ్లు సొంత భవనం కట్టుకునేదాకా ఆయన పైసా అద్దె తీసుకోలేదు. తర్వాత మా పొలాలు పోయాయి, వసారాతో సహా ఇల్లూ పోయింది. ఆ బ్యాంకు మాదేనన్న భ్రమ మాత్రం నాకు పోలేదు. యాభై దగ్గర పడ్డాక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేరి, జీతం వేయడానికి అక్కడి ఖాతా నంబరే ఇచ్చాను.

నా భార్య అప్పుడే చెప్పింది.

"పొలం ఉన్నప్పుడు తెచ్చిన బోరు అప్పు కట్టకుండా ఆ బ్యాంకులోనే జీతం వేయించుకుంటారా? పక్క వీధిలో ఇంకో బ్యాంకుంది. అక్కడ మనకు ఏ బాకీ లేదు."

"మన బ్యాంకు వదిలేసి అక్కడ లైన్లో నిలబడమంటావా?"

"మన బ్యాంకంట! మీరు పోతే లేచి కుర్చీ వేస్తారేమో చూడండి."

మొదటి జీతం పడినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అది చదివేలోపే ఇంకోటి. జీతం మొత్తం అప్పు కింద మళ్లించుకున్నారు. ఆ నెల మా తిండి, ఇంటద్దె, ఆమె మందులు, అన్నీ ఆ జీతం మీదే.

మర్నాడు మేనేజరు ముందు నిలబడ్డాను. కుర్చీ ఎవరూ వేయలేదు.

"ఈ బ్యాంకు మా వసారాలో పెట్టారు, తెలుసా?"

"తెలీదండీ. మీ ఖాతాలో డబ్బు పడితే అప్పుకు మళ్లించుకోవచ్చని మీరు సంతకం పెట్టారు. చూస్తారా?"

చూశాను. నా సంతకమే. కాగితం చదివి సంతకం చేస్తే ఎదుటివాణ్ని అనుమానించినట్టని మా ఇంట్లో నేర్పారు. మూడు తరాలుగా మేము చదవకుండానే సంతకాలు పెట్టాం. మా పొలాలు ఎలా పోయాయో వేరే చెప్పక్కర్లేదు.

వెనక లైన్లో ఉన్న బొల్లాపల్లి రైతొకడు అందుకున్నాడు. "ఏంది పెద్దాయనా, వసారా అద్దె ఇప్పుడు వసూలు చేత్తావా?"

అందరూ నవ్వారు. మేనేజరు కూడా.

ఆ నెల బియ్యం సత్తెనపల్లి నుంచి మా వదిన పంపింది. బస్టాండు నుంచి ఆ మూటను నా భార్యే మోసుకొచ్చింది. మూట మోస్తే నలుగురూ చూస్తారని నేను వెళ్లలేదు. అంతపాటి మనిషిని నేను.

మూట దించి ఆమె బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. తెల్లారాక పక్క వీధి బ్యాంకుకు వెళ్లి లైన్లో నిలబడ్డాను. ఇచ్చిన ఫారం ప్రతి పేజీ చదివాను.

"చానాసేపైంది సారూ! పరీక్ష రాత్తన్నావా?" అన్నాడు వెనకవాడు.

"అవును. ఆలస్యంగా రాస్తున్నాను," అని చివరిదాకా చదివాకే సంతకం పెట్టాను. ఇకమీదట జీతం కొత్త ఖాతాలోకే పంపమని కోల్డ్ స్టోరేజీలో కాగితం రాసిచ్చాను.

రెండో జీతం కదలకుండా అక్కడే ఉంది. ముందు బియ్యం బస్తా కొని నేనే భుజాన మోసుకొచ్చాను. అద్దె, మందులు పోగా మిగిలిన దాంట్లోంచి కొంత పట్టుకుని పాత బ్యాంకు కౌంటరుకు వెళ్లాను. అప్పు ఎగ్గొట్టే వంశం కాదు మాది.

"ఇంత దూరం రావడమెందుకండీ? జీతం ఇక్కడే వేయించుకుంటే మేమే తీసుకుంటాంగా," అన్నాడు మేనేజరు.

"మీరు తీసుకోవడం ఇక లేదు. నేనే తెచ్చి ఇస్తాను."

రసీదు అడిగి తీసుకున్నాను. అక్కడే నిలబడి దాన్నీ పూర్తిగా చదివాను.