వదిన మళ్ళీ కొలిచిన వేగం

ఎంబ్రాయిడరీ షాపు నడిపే ఆమెను వీధంతా వదిన అనే పిలుస్తారు. బట్టల కొట్టువాళ్ళకు ఆమె అంటే కాస్త హడలు. వాళ్ళు కొలిచిన గుడ్డను అక్కడే తన టేపుతో మళ్ళీ కొలిస్తే గానీ సంచిలో వేసుకోదు.

డిజైన్లు గీసుకోవడానికి మరిది కొత్త కంప్యూటర్ తెచ్చిపెట్టినప్పుడూ అంతే. పెట్టె మీద ప్రాసెసర్ వేగం మూడున్నర గిగాహెర్ట్జ్ అని రాసి ఉంది. తెర మీద చూస్తే ఒకటి కూడా లేదు. వెంటనే మరిదికి ఫోన్ చేసింది.

"నిన్నెవరో నిలువునా ముంచారయ్యా. ఇందులో సగం వేగం కూడా లేదు."

మరిది ఆఫీసు నుంచి నేరుగా షాపుకే వచ్చి తెర చూశాడు.

"దీనికి పనేమైనా చెప్పారా వదినా?"

"లేదు. వేగం ఎంతుందా అని చూస్తూ కూర్చున్నాను."

"అదీ మీలాగే కూర్చుంది. పని లేనప్పుడు కరెంటు ఆదా చేయడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏదైనా పెద్ద డిజైన్ ఇచ్చి చూడండి."

వదిన నమ్మీ నమ్మనట్టుగానే గులాబీల డిజైన్ తెరిచి, దాన్ని కుట్లుగా మార్చమంది. అంకె చకచకా ఎగబాకి మూడున్నర దాటింది. పని అవగానే చల్లగా కిందికి దిగింది. ఆమె మొహం విప్పారింది. మళ్ళీ చేసింది, ఇంకోసారీ చేసింది.

"పాపం, దాన్ని కాసేపు కూర్చోనివ్వవే," అన్నాడు దారాల అర పక్కన కునుకు తీస్తున్న భర్త, కళ్ళు తెరవకుండానే.

"మీకంటే అదే నయం. పిలవగానే లేస్తోంది," అంది వదిన.