అచ్చొచ్చిన మనుషులు

మా చిన్న మామయ్యకి మనుషుల తెలివి మీద నమ్మకం లేదు, వాళ్ళ అడుగు మీదే నమ్మకం. ఎవరైనా కొత్తగా లోపలికొస్తే మొహం చూడడు, ఆ అడుగు పడ్డాక ఏం జరిగిందో చూస్తాడు. మంచి జరిగితే ఆ మనిషి అచ్చొచ్చాడంటాడు. ఏమీ జరక్కపోతే, జరగాల్సిన చెడు ఆ మనిషి వల్లే ఆగిపోయిందంటాడు. నిజంగానే చెడు జరిగితే, ఇంతకంటే పెద్దది తప్పిపోయిందంటాడు. ఇన్ని దొడ్డిదారులున్న సిద్ధాంతాన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు. విశ్వవిద్యాలయంలో తర్కం చదివిన నేనే ఓడిపోయాను.

ఇలాంటి మనిషి ఏ గొడుగుల కొట్టో పెట్టుకుని ఉంటే లోకానికి పెద్ద నష్టం ఉండేది కాదు. ఆయన నైట్‌క్లబ్ పెట్టాడు. పదిహేనేళ్ళలో ఆ క్లబ్బులో అచ్చొచ్చినవాళ్ళు పెరుగుతూ పోయారు, కలిసిరావడం మాత్రం తగ్గుతూ పోయింది. ఈ రెంటికీ ఏదైనా సంబంధం ఉందేమో చూడమని ఒకసారి అన్నాను.

“అందుకేరా అల్లుడూ, నీకు ఉద్యోగం అంత ఆలస్యంగా వచ్చింది,” అన్నాడు. “నోటి దురద.”

నైట్‌క్లబ్బుని పగలు చూడకూడదు. ఆ ఖర్మ నాకు పట్టింది. లైసెన్సు కాగితాలు, కరెంటాఫీసుకి అర్జీలు, పక్కింటివాళ్ళకి క్షమాపణలు, అన్నీ చదువుకున్నవాణ్ణి కదా అని నా చేతే రాయించేవాడు. మధ్యాహ్నం మూడింటికి వెళితే కుర్చీలన్నీ బల్లలమీద కాళ్ళు పైకెత్తుకుని ఉండేవి. రాత్రి ఎర్ర మఖమల్‌లా కనబడే గోడలు పగలు ఇటుకరంగు అట్టలు. నేల చెప్పుల్ని పట్టుకుని వదిలేది కాదు, అసలు ఆ క్లబ్బులో మనుషుల్ని ఆపగలిగింది ఆ నేల ఒక్కటే. అద్దాల బంతికి సగం అద్దాలు రాలిపోతే సిగరెట్టు పెట్టెల్లోని వెండికాగితం అతికించాడు. అలమరలో వరుసగా నిలబెట్టిన ఖరీదైన సీసాల్లో ఉన్నది పాలు పొయ్యని టీ.

ద్వారం దగ్గర ఆరున్నర అడుగుల కాపలాదారు. అతను నిలబడితే తలుపు వేరే అక్కర్లేదు. చిక్కల్లా అతనికి ప్రపంచంలో ఉన్న సమస్త జీవరాశులన్నా భయమే. లోపల గొడవ మొదలైతే అతన్ని వెతకనక్కర్లేదు, మగవాళ్ళ మరుగుదొడ్డిలో ఉంటాడు, లోపల గడియ. ఒకసారి కలబడ్డ ఇద్దరు తాగుబోతులు కొట్టుకోవడం మానేసి, “బయటికి రా అన్నా, మేం రాజీపడ్డాం” అని ఆ తలుపు దగ్గర అరగంట బతిమాలారు.

“చూశావా?” అన్నాడు మామయ్య. “చెయ్యెత్తకుండా గొడవ ఆపాడు! అలాంటివాణ్ణి పట్టుకుని దండగంటావేంరా?”

రెండో రత్నం డ్రమ్ముల పెద్దాయన. ముప్ఫయ్యేళ్ళు వాయించీ వాయించీ రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. పాట మొదలైందని కనుసైగ చెయ్యాలి, అయిపోయిందని భుజం తట్టాలి. తట్టేవాడు ఏ టీకో వెళితే జనం వెళ్ళిపోయినా ఆయన వాయిస్తూనే ఉండేవాడు. ఆయన చేరిన వారంలో క్లబ్బు పైకప్పు ఓ మూల కూలింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి మామయ్య ఆ రాళ్ళ మధ్య నిలబడి మురిసిపోతున్నాడు.

“సోమవారం కూలిందిరా! సెలవురోజు! అదే శనివారం కూలి ఉంటే? అంతా ఈయన చలవ.”

మూడోది గాయని. అది ఆవిడ హోదాయే కాని పని కాదు. గొంతు పోయి ఏళ్ళయింది. మొదటి పాట గట్టెక్కేది. రెండోపాటలో మాటలు మరిచిపోయి, నెమ్మదిగా మళ్ళీ మొదటి పాటలోకి వచ్చేసేది. కొత్తవాళ్ళు ఇదేదో ప్రయోగమనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళు. పాతవాళ్ళంటూ ఎవరూ ఉండేవాళ్ళు కారు. ఆవిడ మొదటిసారి పాడిన రోజు కుండపోత వాన కురిసి, వచ్చిన జనం మూడు గంటలపాటు బయటికి పోలేక తింటూ తాగుతూ కూర్చున్నారు. వాన ఆవిడే తెప్పించిందని మామయ్య తీర్పు.

“వానకి చిక్కుకున్నారండీ,” అంది అత్తయ్య. టికెట్ల కిటికీ వెనక కూర్చునేది ఆవిడే. “లేకపోతే ఆ పాటకి వీధి చివరిదాకా పరిగెత్తేవాళ్ళు.”

“నీకు సంగీతం తెలీదు.”

“ఆవిడకి తెలుసా?”

ఇలా ఉండగా భవనం యజమాని కబురు పెట్టాడు. క్లబ్బుకి జనం రావడం లేదు, నెలాఖరుకి హాలు పరుపుల దుకాణానికి ఇచ్చేస్తున్నానన్నాడు. గట్టి భాగస్వామి ఎవరైనా వచ్చి సంతకం పెడితే సరేసరి, లేకపోతే సామాను సర్దుకోమన్నాడు.

“మంచిదేగా,” అంది అత్తయ్య. “పదిహేనేళ్ళుగా ఇక్కడ జనం కుర్చీల్లోనే కునుకుతున్నారు. ఇకనుంచి కాళ్ళు చాపుకుంటారు.”

కాని ఆ రాత్రి ఆవిడ అన్నం సగంలో వదిలేసిందని మా అమ్మ చెప్పింది.

మామయ్య మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. ఒక్క అవకాశం, ఆఖరి అవకాశం, అది వస్తోందని ఆయన లెక్క. ఇంతకుముందు కూడా ఇలాంటి ఆఖరివి చాలా వచ్చాయి. ఒకసారి నురగలో నాట్యమని ప్రకటించి, నురగ యంత్రం దొరక్క బట్టల సబ్బుపొడి కలిపాడు. వచ్చిన పదకొండుమందీ తళతళలాడుతూ ఇళ్ళకి వెళ్ళారు. మర్నాడు పొద్దున పక్కింటావిడ దుప్పట్లు పట్టుకొచ్చింది. అయినా ఈసారి వస్తున్నవాడు నిజమైన వాడే. నాలుగు పెయింట్ల దుకాణాలున్న ఆసామి. వీధిలో అందరూ రంగులాయన అంటారు. క్లబ్బు పెట్టాలని ఆయనకి చిన్నప్పట్నుంచీ సరదా అట. అంతటి వివేకవంతుడికి కూడా ఒక బలహీనత ఉండాలిగా.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి రంగులాయన వచ్చాడు. కారు కొత్తది, బూట్లు కొత్తవి, ఒంటిమీద చొక్కా మాత్రం వెలిసిపోయిన గోధుమరంగుది, మెడపట్టీ దారాలు లేచిపోయి ఉంది. పిసినారి అనుకున్నాను. కాపలాదారు ఆయన కారు హారన్‌కి ఉలిక్కిపడి మరుగుదొడ్డిలోకి వెళ్ళాడు. గాయని మొదటి పాట పాడింది, తర్వాత మొదటి పాట పాడింది. పెద్దాయన మొదలుపెట్టాడు కాని ఆపలేదు. నేనే వెళ్ళి భుజం తట్టాను.

రంగులాయన చుట్టూ చూసి సూటిగా విషయానికొచ్చాడు. “హాలు బాగుందండీ. వీధి బాగుంది. నేను సిద్ధం. ఒక్కటే షరతు. ఈ ముగ్గురూ రేపట్నుంచి రాకూడదు.”

టికెట్ల కిటికీలోంచి అత్తయ్య గబగబా తల ఊపింది, ఒప్పుకోమని. నేను జేబులోంచి కలం తీశాను. పదిహేనేళ్ళ నుంచి మామయ్య వెంటపడుతున్న అదృష్టం ఎదురుగా కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చుంది. ఒక్క ‘సరే’ చాలు.

మామయ్య రంగులాయన చొక్కా వంక చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఆ ముగ్గురే కదండీ అసలు సంగతి,” అన్నాడు.

“అంటే?”

“నాకు అచ్చొచ్చిన మనుషులండీ వాళ్ళు.”

ఇంకేముంది, మొదలైంది. సోమవారం కూలిన పైకప్పు. మూడు గంటల వాన. చెయ్యెత్తకుండా ఆగిన కొట్లాట. నేను సిగ్గుతో నేలకేసి చూశాను. చెప్పులు అతుక్కుపోయి ఉండకపోతే బయటికి నడిచేవాణ్ణే.

“కాని వాళ్ళకి ఏ పనీ వచ్చినట్టు లేదే,” అన్నాడు రంగులాయన.

“అదీ గుర్తు!” అని మామయ్య బల్ల చరిచాడు. “పని చేతనైనవాడి వల్ల లాభమొస్తే అది పని. చేతకానివాడు కూర్చున్నా పదిహేనేళ్ళు దుకాణం మూతపడలేదంటే దాన్నేమంటారు? మీరే చెప్పండి.”

రంగులాయన మెడపట్టీ దారాలు సవరించుకున్నాడు.

“పరుపులాయన ఈ హాలు ఎందుకడుగుతున్నాడనుకున్నారు?” అన్నాడు మామయ్య, ఎవరైనా వింటారేమోనన్నట్టు అటూ ఇటూ చూసి. “హాలు తీసుకుంటే వీళ్ళు కూడా వస్తారని.”

ఇంత పచ్చి అబద్ధం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. రంగులాయన పెద్దాయన్ని, గాయనిని, మరుగుదొడ్డి తలుపుని వరసగా చూశాడు. ఆఖరికి లేచి నిలబడి, నేను జన్మలో మరిచిపోలేని మాట అన్నాడు.

“మీ హాలు నాకొద్దు. ఆ ముగ్గుర్నీ ఇవ్వండి.”

మామయ్య వెంటనే ఒప్పుకోలేదు. ప్రాణం పోతున్నట్టు మొహం పెట్టాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు. ఏడాది లోపల తీసేస్తే అచ్చుబాటు తిరగబడుతుందని హెచ్చరించాడు. మూడేళ్ళకి కాగితం రాసివ్వమన్నాడు. ఆ కాగితం రాసింది నేనే, నా చేత్తోనే, చక్కటి దస్తూరీతో. రంగులాయన సంతకం పెట్టి, పెద్దాయనకీ గాయనికీ నమస్కారం పెట్టి, కాపలాదారు బయటికి రానందువల్ల మరుగుదొడ్డి తలుపుకి కూడా పెట్టి వెళ్ళిపోయాడు.

కారు కదిలిందో లేదో గుమ్మం బయటే నేను విరుచుకుపడ్డాను. “నీకు మతి ఉందా మామయ్యా? క్లబ్బు నిలబడేది కదా! ఆ అదృష్టం పిచ్చి ఇంకొక్క గంట ఆపుకోలేకపోయావా?”

“ఆ చొక్కా చూశావా?” అన్నాడు తాపీగా.

“చూశాను. పిసినారి.”

“నాలుగు దుకాణాలున్నవాడు దారాలు లేచిన చొక్కా వేసుకుని బేరానికి వచ్చాడంటే అది అచ్చొచ్చిన చొక్కారా. అలాంటివాడికి మనుషుల్ని అమ్మొచ్చు. ఐదేళ్ళు తర్కం చదివి ఆ మాత్రం తెలుసుకోలేదా?”

“అమ్మావు సరే. క్లబ్బో?”

“ఆయన చెయ్యేస్తే ఇంకో ఆర్నెల్లు నడుస్తుంది. ఆ తర్వాత మూత. అప్పుడు వీళ్ళనెవడు తీసుకుంటాడు? చెవుల్లేనివాణ్ణి, గొంతులేనిదాన్ని, గుండెల్లేనివాణ్ణి?”

“అంటే నువ్వు ఈ అదృష్టాలవీ...”

“అదృష్టమా నా మొహమా! అదృష్టమే ఉంటే ఈ కొంపలో నేనెందుకుంటాను? ‘జాలిపడి ఉంచుకున్నాను’ అంటే పెద్దాయనకి ముద్ద దిగుతుందా? ‘నువ్వు లేకపోతే కప్పు నామీదే కూలేది’ అంటే శుభ్రంగా తింటాడు.” అంతలోనే ఆయన మొహం కటువుగా మారింది. “ఈ ముక్క వాళ్ళ చెవిన వేశావంటే కాళ్ళు విరగ్గొడతాను.”

“పెద్దాయన చెవిన ఎలా వెయ్యను?” అన్నాను. 

మంచితనం ఎప్పుడూ వృథా పోదని గోడలకి రాసి వేలాడదీసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. శుభ్రంగా పోతుంది. నెలాఖరుకి క్లబ్బు పోయింది, పరుపులు వచ్చాయి. మామయ్య ఇంట్లో కూర్చున్నాడు. వంటింటి డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్ది, అత్తయ్య చేత చీవాట్లు తిన్నాడు. తిరిగి సర్ది, మళ్ళీ తిన్నాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి చోటులేక, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేవాడు.

రంగుల దుకాణాల్లో జరిగింది మాత్రం నా చదువుని ఇప్పటికీ వెక్కిరిస్తూనే ఉంది. పెద్దాయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎవరెంత బేరమాడినా ఆయనకి వినబడదు. చెప్పిన ధరే చిరునవ్వుతో మళ్ళీ చెబుతాడు, జనం అలిసిపోయి కొనేస్తారు. కాపలాదారుని గోదాముకి వేశారు. భయంతో రెప్ప వెయ్యడు, ఎలుక కదిలినా ఊరంతా లేచేలా అరుస్తాడు. గాయనికి ఫోను అప్పగించారు. రంగు వెలిసిందని తిట్టడానికి ఫోన్ చేసినవాళ్ళకి ఆవిడ మొదట్నుంచీ కారణం చెప్పి, మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదట్నుంచీ చెబుతుంది. రెండోసారి చేసినవాడు లేడు.

రెండు నెలలకి రంగులాయన మామయ్య ఇంటికి స్వయంగా వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. “ఐదో దుకాణం తెరుస్తున్నానండీ,” అన్నాడు. “మీ దగ్గర అలాంటివాళ్ళు ఇంకెవరైనా మిగిలారా?”

“లేరండీ. అందర్నీ ఇచ్చేశాను,” అన్నాడు మామయ్య, తల దించుకుని.

వంటింట్లోంచి అత్తయ్య తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. “ఎందుకు లేరు? ఒకాయన ఉన్నారు,” అని గడ్డంతో మొగుడి వైపు చూపించింది.

“నేనా?” అన్నాడు మామయ్య కంగారుగా. “ఊరుకోవే! ఆయన పెద్దమనిషి, హాస్యమాడకు.”

“మీరుండండి. ఇది బేరం,” అంది అత్తయ్య. రంగులాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“పనేం చేయగలరమ్మా ఈయన?”

“ఏ పనీ చేతకాదు,” అంది అత్తయ్య గర్వంగా. “పదిహేనేళ్ళు కళ్ళారా చూశాను. ఒక్కటంటే ఒక్కటి చేతకాదు.”

రంగులాయన కళ్ళు మెరిశాయి.

“రేపు పొద్దున్నే పంపండి.”