మైనం పోసిన మేక కాలు

1939లో రాజపాళయంలో ఒక నూలుమిల్లు డిస్పెన్సరీకి డాక్టరుగా చేరాను. నాది ఎల్.ఎం.పి.; ఎం.బి.బి.ఎస్. కన్నా ఒక మెట్టు కింది చదువు. రోగులను చూడటంతో పాటు వారానికొకసారి పన్నెండుమంది కార్మికులకు ప్రథమ చికిత్స నేర్పాలి. మూడో వారానికే సగం మంది నిద్రపోయేవారు. తక్కిన సగం వాళ్ళను లేపుతూ ఉండేవారు. ఇలాగైతే క్లాసు ఎత్తేస్తానన్నాడు మేనేజరు.

నాలుగో వారం పుస్తకం మూసి, మా మాస్టారు చెప్పిన ఒక ఆస్ట్రియా దేశపు శరీరశాస్త్రజ్ఞుడి సంగతి ఎత్తుకున్నాను. పోయిన శతాబ్దపు మనిషి. తండ్రి ఒక ప్రభువు కొలువులో సన్నాయి వంటి వాద్యం ఊదేవాడు. కొడుకు శవాల రక్తనాళాల్లోకి రంగు మైనం ఎక్కించి, వెంట్రుకంత నాళాన్ని కూడా కంటికి చూపించాడు. వియన్నాలో తిరుగుబాటు లేచినప్పుడు ఇల్లు కాలి, ఏళ్ళ తరబడి చేసిన నమూనాలన్నీ పోయాయి. మళ్ళీ మొదటి నుంచి చేశాడు. ఆయన పాఠం చెబితే హాలంతా నవ్వేదట.

ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. మేస్త్రీ సుబ్బరాజు మాత్రం లేచి, "కథ బాగానే ఉండాది డాక్టరయ్యా. మైనం పోసి చూపించండి, అప్పుడు నమ్ముతాము" అన్నాడు.

కసాయి దగ్గర మేక ముంగాళ్ళు రెండు తెప్పించాను. మైనం మధ్యలోనే గడ్డకట్టకుండా కాలిని వేడినీళ్ళలో ఉంచి, ధమనిలోకి, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే నాళంలోకి, కరిగిన మైనం పిచికారీతో ఎక్కించాలి. రంగుకు ఇంట్లో కుంకుమ దొరికింది.

"ఉండిన కుంకుమంతా మేకకు పెట్టినారా?" అని మా ఆవిడ ఆ పూట కాఫీ ఇవ్వలేదు.

మొదటి కాలి మైనం నా చొక్కా మీదికి చిమ్మింది. రెండోది కుదిరింది. క్లాసులో కండ ఒలిచేసరికి ఎముక వెంట ఎర్రటి తాడులా ధమని బయటపడింది. మనిషికైతే మోచేతికి పైన, లోపలి వైపు, ఎముకకు ఆనించి నొక్కితే కింద రక్తం ఆగుతుందని చెప్పాను. వాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు నొక్కి, మణికట్టు దగ్గర నాడి ఆగేదాకా ఊరుకోలేదు.

రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం, యంత్రం పట్టీలో చిక్కి ఒక కార్మికుడి ముంజేయి చీలిపోయింది. నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి సుబ్బరాజు అతని పక్కన చతికిలబడి, సరిగ్గా ఆ చోటే రెండు బొటనవేళ్ళతో నొక్కిపట్టి ఉన్నాడు. నేల మీద రక్తం ఉంది. కొత్తగా కారడం లేదు.

"వదలవచ్చునా డాక్టరయ్యా? వేళ్ళు తిమ్మిరెక్కినాయి."

నాళం ముడివేసేదాకా వద్దన్నాను.

"సరి. అంతవరకు వీనికి ఏదన్నా కథ చెప్పండి, భయపడతా ఉన్నాడు."

మనిషి బతికాడు, రెండు వేళ్ళు మాత్రం పూర్తిగా వంగేవి కావు. క్లాసు ఎత్తేసే మాట మేనేజరు మళ్ళీ అనలేదు.

ఆ తర్వాత చాలా చోట్ల, చాలామందికి నేర్పాను. వినేవాడు నమ్మనంటే వాదించకూడదు. కోసి చూపించాలి, ఆ పైన అతని చేతే చేయించాలి.