చట్టి పెట్టని క్రిస్మస్

“బ్యాగు కట్టినావా?”

“పండగకు ఇంకా శానా దినాలు ఉండాది. పండుకోండి.”

ఆసుపత్రిలో నా ఇంటాయన అడిగిన చివరి మాట అది. నేను చెప్పిందీ అంతే. ఆ మధ్యాహ్నం పోయాడు.

క్రిస్మస్‌కు సింగపూర్‌లో కూతురింటికి నలుగురం పోవాలనుకున్నాం: మేమిద్దరం, నాతోపాటు గాయాలకు చుట్టే కట్టుగుడ్డ కంపెనీలో మడతలు పెట్టే చోళపురం స్నేహితురాలు, ఆమె మొగుడు. చావుకు వచ్చిన కూతురు నన్ను ముందే వెంట తీసుకుపోయింది.

మాలో మనిషి పోయిన ఏడాది ఆ ఇంట్లో పండగకు నూనె చట్టి పొయ్యి మీదికి ఎక్కదు. పెళ్లయిన కూతురింట్లో కూడా అంతే. వేరే ఇంటివాళ్లు పలహారం చేసి తెచ్చిస్తేనే తినాలి. మా ఊరు రాజపాళయంలో అయితే వీధంతా తెస్తుంది. సింగపూర్‌లో ఎదురింటి తలుపు తెరిచి ఉండగా నేను చూడనే లేదు.

“ఇక్కడ ఎవురు చూస్తారు అమ్మా? నేను చట్టి పెడతాను” అంది కూతురు.

“పోయింది నీ నాయన కాదా?”

“సరి, అంగట్లో కొంటాను.”

“కొంటే కొన్నదే. ఒకరు ఇచ్చింది అవుతుందా?”

తిండి కోసం కాదు. ఆయన పేరు చెప్పి ఒక్క మురుకు ఇచ్చేవాళ్లు లేకుండానే పండగ దాటిపోతుందేమో అని నా బాధ.

పండగ ముందురోజు చోళపురం వాళ్లు దిగారు. స్నేహితురాలు డబ్బా మూత తీసింది. వాళ్లింట్లో వండిన మురుకులు. విరగకూడదని వరుస వరుసకీ మధ్య కట్టుగుడ్డ వేసింది. విరగలేదు గానీ, నూనెకు నూలుపోగులన్నీ అతుక్కున్నాయి.

“దెబ్బ తగిలిన మురుకులు. కట్టు విప్పి తినండి” అన్నాడు ఆమె మొగుడు.

“మీ నోటికి రెండు చుట్లు చుట్టి తెచ్చుంటే సరిపోయుండేది” అంది ఆమె.

కంపెనీలో కూర్చున్నట్టే ఇద్దరం కూర్చుని పోగులు ఏరాం. ఏరిన మొదటిది నా చేతిలో పెట్టి, “ఇంద, అన్న పేరు చెప్పి ఇస్తా ఉండాను, తిను” అంది. తిన్నాను. కూతురూ తినింది. పళ్ల సందులో ఒక పోగు ఉండిపోయింది.

మొగుడు పోయిన ఏడాదే విమానమెక్కిపోయి పండగ చేసుకొచ్చిందని నన్ను ఊళ్లో కొందరు అంటున్నారు. అందుకే ఇది చెప్పాను. నేను చెప్తుంటే రాస్తున్నది ఆయన అక్క.

వదినా, మీ తమ్ముడి సంగతి ఇది. ఎక్కువ తక్కువ ఉండకూడదు. మొదటి నుంచి చదవండి, వింటాను.