ఇరాక్‌లో మమ్మల్ని ‘హిందీ’ అని పిలిచిన రోజులు

మొన్న పొద్దున బీరంగూడలో, మా రిటైరైన వాళ్లం చేరే టీ హోటల్లో టీవీ నడుస్తోంది. పశ్చిమాసియాలో ఏదో నగరం మీద బాంబులు పడి పొగ లేస్తోంది. హోటలాయన గ్లాసులు కడుగుతూ, “మంచిగైంది తియ్యి సార్, గా దేశాన్నేలే పెద్దమనిషి పోతే ఇగ జనమే బయటోళ్లకు దండలేస్తరు” అన్నాడు.

“గట్ల కాదు, నేను కండ్లార సూసిన” అన్నాను.

నాది జోగిపేట. మా నాన్న పప్పుధాన్యాల దుకాణంలో కూర్చోనని మొండికేసి, ఐటీఐ చదివి, పటాన్‌చెరు దారిలోని సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరాను. పెళ్లైన ఏడాదికే టర్బైన్లు బిగించే బృందంతో నన్ను ఇరాక్ పంపారు. నాతో వచ్చిన సీనియర్ కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి బీరంగూడలో స్థిరపడ్డ మనిషి. ఆయన్ని అందరం అన్న అనేవాళ్లం.

అరబ్బీలో భారతీయుణ్ణి హిందీ అంటారు. బజారులో పోతుంటే పండ్లమ్మేవాళ్లు ‘హిందీ, హిందీ’ అని కేకేసి, ఖర్జూరాలు చేతిలో పెట్టేవారు. హిందీలో మంచినీళ్లు అడగడానికే తడబడే మా అన్నను కూడా అలా పిలుస్తుంటే నాకు నవ్వాగేది కాదు. అక్కడి ఫోర్‌మన్‌ను మేం ఉస్తాద్ అనేవాళ్లం. ప్రతి శుక్రవారం భోజనం ఆయనింట్లోనే. నేను మాంసం ముట్టనని తెలిసి వాళ్లమ్మ నాకోసం వంకాయలు వేరే గిన్నెలో వండేది. ఇంకా తిను, ఇంకా తిను అన్నట్టు ఆమె చెయ్యి ఊపే తీరు అచ్చం మా మేనత్తదే.

పక్కదేశంతో జరిగిన సుదీర్ఘ యుద్ధంలో ఉస్తాద్ తమ్ముడు చనిపోయాడు. దేశాధినేత బొమ్మ ప్రతి గోడ మీదా ఉండేది. ఉస్తాద్ మాత్రం మా గదికి వచ్చి, తలుపు మూశాక, నా తమ్ముణ్ణి మింగింది ఆ బొమ్మేనని గొంతు తగ్గించి చెప్పేవాడు. అంత ద్వేషం నేను మరెవరిలోనూ చూడలేదు.

1990 ఆగస్టులో వాళ్ల సైన్యం కువైట్‌లోకి చొరబడింది. అది తప్పేనని ఉస్తాదే అన్నాడు. కానీ వారాలు తిరక్కుండానే సముద్రం నిండా పరాయి నౌకలు చేరి, దిగుమతులన్నీ ఆగిపోయాయి. పిండికి వరుసలు మొదలయ్యాయి. వాళ్లమ్మ వాడే షుగర్ మందు ఏ దుకాణంలోనూ దొరక్కుండా పోయింది. అప్పుడు ఉస్తాద్ మాట మారింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆయన అన్న మాట నాకిప్పటికీ గుర్తే: “మా ఇంటి దొంగను మేం చూసుకుంటాం. వాణ్ణి పట్టుకోవడానికొచ్చినవాళ్లు మా అమ్మ మందు ఎందుకు ఆపారు?”

అదే కోపం బజారంతా పాకింది. ఒక సాయంత్రం అన్నా నేనూ డ్యూటీ దిగి రొట్టెల దుకాణం వరుసలో నిలబడ్డాం. మా వంతు రాగానే, మాకే రొట్టె లేకుంటే పరాయివాళ్లకా అని ఎవరో అరిచారు. నా సంచి లాక్కుని బోర్లించారు. అందులోంచి డయల్ గేజ్ పడింది. ఇరుసు వెంట్రుక మందం వంకర తిరిగినా ముల్లు కదిలి చూపించే గడియారం లాంటి పరికరం అది. సైటులో ఇసుక చేరుతుందని రోజూ గదికి తెచ్చుకునేవాణ్ణి. దాన్ని చూసి ‘జాసూస్’ అన్నారు. గూఢచారి అన్న ఆ మాటకు అర్థం ఉర్దూ వచ్చిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవడో అన్న చొక్కా పట్టి ఈడ్చితే అది భుజం దాకా చిరిగింది. అన్న నన్ను తన వెనక్కి నెట్టి, “పరిగెత్తకురా, పరిగెడితే నిజమే అనుకుంటారు” అన్నాడు.

రొట్టెలాయన కబురంపాడో ఏమో, ఉస్తాద్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆయన అరవలేదు. గేజ్ తీసుకుని, దుకాణంలోని పిండి కలిపే యంత్రం ఇరుసుకు ఆనించి, చేత్తో మెల్లగా తిప్పాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది. యంత్రం వంకర పోయిందని రొట్టెలాయనతో చెప్పి, జనం వైపు తిరిగి, మీ ఇళ్లలో దీపం వెలిగించే మిషన్‌ను ఈ హిందీలు దీనితోనే సరిచేస్తున్నారని అన్నాడు. ముందు రొట్టెలాయన నవ్వాడు, తర్వాత ఇంకొందరు. అందరూ నవ్వలేదు. ఒకడు మా కాళ్ల దగ్గర ఉమ్మేసి వెళ్లాడు. వాడి మీద కోపం పెట్టుకోకండని ఉస్తాద్ దారంతా బతిమాలాడు.

పది రోజులకు బస్సుల్లో ఎడారి దాటి, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి చేరాం. చలికాలంలో ఇరాక్ మీద బాంబుదాడులు మొదలయ్యాయి. కరెంటు కేంద్రాల్నీ కూల్చారని మా ఫ్యాక్టరీ క్యాంటీన్ రేడియోలో విని, అన్న కలిపిన అన్నం వదిలేసి లేచాడు. ఏడాదికి ఉస్తాద్ ఉత్తరం వచ్చింది. విరిగినవాటి ముక్కలు ఏరి, ఒక యూనిట్ మళ్లీ తిప్పారట. అమ్మ లేదట. గోడ మీద బొమ్మ మాత్రం మునుపటికన్నా పెద్దదైందట. 2003లో మళ్లీ బయటివాళ్లు చేసిన యుద్ధం తర్వాత మేం రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు.

ఏ దేశమైనా నాకు ఒకటే లెక్క. బయటివాడు బలంతో వచ్చి తలుపు బద్దలు కొడితే, లోపల తిట్టుకునేవాళ్లంతా ఒక్కటై ఆ తలుపునే కాస్తారు. ఆ తర్వాత మంచికి వచ్చినవాణ్ణి కూడా నమ్మరు.

ఈమధ్య మా మేనల్లుడు ఇరాక్‌కే, ఏదో ప్రైవేటు కంపెనీ తరఫున, కరెంటు పని మీద వెళ్లొచ్చాడు. అక్కడివాళ్లు ఎట్ల ఉన్నరురా అని ఆత్రంగా అడిగాను. “ఏమో మామా, మమ్మల్ని బయటికి పోనియ్యలే. ఎత్తు గోడ, గేటు కాడ తుపాకులు, గంతే” అన్నాడు. ఆరు నెలలున్నాడు. ఆ ఊళ్లో ఒక్క ఇంటి గడప కూడా తొక్కలేదట.