చద్దన్నానికో లాటిన్ విశేషణం

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో ఓ పెద్దమనిషి రిటైరైతే ఇంగ్లీషులో సన్మానపత్రం చదవాల్సిందే. వినేవాళ్లకు అర్థమైతే అది సన్మానమే కాదని మా గట్టి నమ్మకం. మా హెడ్మాస్టారు రిటైరవుతున్నప్పుడు, ఆ బళ్లోనే కొత్తగా చేరిన ఇంగ్లీషు పంతుల్ని కనక రాసే పని నా నెత్తిన పడింది. (పడిందేమిటి, నేనే అడిగి తీసుకున్నాను.) నేను ఆ బళ్లోనే చదువుకునేటప్పుడు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పరగడుపున నడిచొచ్చే మాలాంటి పిల్లలకు ఆయన తన ఇంట్లో చద్దన్నం, ఆవకాయ పెట్టించి గానీ బడికి పంపేవారు కాదు. ఆ చద్దిని ఎలాగైనా పత్రంలోకి ఎక్కించాలని నా పట్టుదల. డిక్షనరీ దుమ్ము దులిపితే 'జెంటాక్యులర్' దొరికింది. పొద్దుటి తిండికి సంబంధించిన, అని అర్థం. పొద్దుటి తిండిని లాటిన్‌లో జెంటాక్యులమ్ అంటారట, అందులోంచి పుట్టింది. ఇంగ్లీషువాళ్లు ఆ మాట వాడటం ఎప్పుడో మానేశారని పక్కనే ఉంది. మానేస్తే వాళ్ల ఖర్మ! 'జెంటాక్యులర్ ఔదార్యం' అని రాసేశాను.

సన్మాన సంఘం అధ్యక్షుడు కిరాణా కొట్టు షావుకారుగారు. పత్రం ప్రెస్సుకు పంపేముందు కూడబలుక్కుని చదివి, "ఇదేదో జబ్బు పేరులా ఉందయ్యా, తీసెయ్" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "అర్థం చెప్తానండీ" అంటే వింటేగా! "లాటిన్ తెలిసినాయన ఎవరన్నా సరేనంటే ఉంచుతాలే" అన్నారు. నేనెరిగినంతలో లాటిన్ తెలిసినాయన నందిగామ చర్చి ఫాదర్‌గారొక్కరే. మర్నాడే బస్సెక్కాను. ఆయన కడుపుబ్బ నవ్వి, "మాట నిజమేనయ్యా. కానీ చచ్చిపోయింది గదా, ఎందుకు లేపుతావు?" అన్నారు. (చచ్చినవాళ్లను లేపడం మీకు కొత్తా అనబోయి నోరు మూసుకున్నాను.)

తిరిగొచ్చేసరికి పత్రం అచ్చయిపోయింది! జెంటాక్యులర్ ఉండాల్సిన చోట 'బెనెవలెంట్', అంటే దయగల, అనే మాట కూర్చుంది. మా ఊళ్లో రిటైరైన ప్రతివాడూ బెనెవలెంటే, ఎవరికీ గ్లాసుడు మంచినీళ్లివ్వని వాళ్లతో సహా! సభలో చదువుతుంటే నా గొంతు కోపంతో వణికింది. జనం ఏడుస్తున్నాననుకుని చప్పట్లు కొట్టారు.

ఆగలేక, సభ కాగానే మాస్టారింటికి వెళ్లి ఆ మాట అర్థం, పుట్టుక, దానికి జరిగిన అన్యాయం అన్నీ ఏకరువు పెట్టాను. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. వంటింట్లోంచి అమ్మగారు గరిటెతో బయటికొచ్చారు.

"చద్దన్నానికి బిరుదా? రాత్రి మీ అందరికీ ఎక్కువ వండింది నేను, పొద్దున్నే చల్ల కలిపి పెట్టింది నేను. బిరుదు ఆయనకా? ఏం చదువుకున్నావురా!"

మాస్టారు మెళ్లో శాలువా తీసి మెల్లిగా ఆవిడ భుజాన కప్పారు.

"చాల్లెండి, ఉక్క!" అన్నారావిడ. కానీ తియ్యలేదు.

మొన్నామధ్య నేనూ రిటైరయ్యాను. నా పత్రంలోనూ బెనెవలెంటే. ఒక్క మాట కోసం నందిగామ దాకా బస్సెక్కిన ఆ కుర్ర పంతులు గుర్తొచ్చి నవ్వుకున్నాను. జెంటాక్యులర్‌ని మాత్రం మళ్లీ ఎవరికీ వాడలేదు. అది అమ్మగారిది.