ఆమె వినని పాట

లాక్‌డౌన్ ఎత్తేసిన మరుసటి ఏడాది నన్ను ముంబయి దాదర్‌లోని ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో తెలుగు పాటల సాహిత్య పర్యవేక్షకురాలిగా వేశారు. విరమణకు ముందు నా ఆఖరి ఉద్యోగం అదే. పేరు పెద్దదే గానీ పని సూటిగా ఉండేది. మాట బాణీలో ఇముడుతుందా, గాయకుడికి ఊపిరి తీసుకునే చోటుందా అన్నది రికార్డింగుకు ముందే తేల్చాలి. బాణీ లేకుండా, రాసినవాడి చేతే పాటను చదివించడం నా పద్ధతి. రాగం చాలా లోపాలను కప్పేస్తుంది. నేను మొహమాటపడే మనిషిని కాను కాబట్టి ఆ కుర్చీలో హాయిగానే కూర్చున్నాను.

ఒకరోజు కామాటిపుర నుంచి వెంకటేశ్ వచ్చాడు. భవనాలకు రంగులు వేయించే మేస్త్రీ, నలభై దాటినవాడు. వాడిపోయిన ప్రేమ మీద పాట రాశాడు, సొంత గొంతుతో పాడి యూట్యూబులో పెట్టాలని ఆశ. చదవమన్నాను. గాజు గుండె, విషపు నవ్వు, మోసం చేసిన చెలి, అన్నీ ఉన్నాయి. మనిషి మాత్రం లేదు. ఎవరు మోసం చేశారని అడిగితే, ఎవరూ చేయలేదని నసిగాడు.

మెల్లగా అసలు సంగతి చెప్పాడు. పెళ్లయిన కొత్తలో చాల్‌లో, అంటే వరుస గదుల పాత భవనంలో, ఒకే గదిలో అతను, భార్య సువర్ణ, పాలమూరు నుంచి వచ్చిన తల్లి ఉండేవారు. తల్లికి తెలుగు తప్ప మరో భాష రాదు. అందుకే ఆలుమగలు తమ సరసాలన్నీ మరాఠీలో ఆడుకునేవారు. తల్లి పోయాక గది వాళ్లదే అయింది. దాచుకోవాల్సిన అవసరం తీరేసరికి మరాఠీ ఆగిపోయింది. తెలుగులో నీళ్లు, కూరగాయలు తప్ప మాటల్లేవు.

పాట ఇదీ, ఇంతసేపూ చదివింది కాదు అని చెప్పేశాను. అతని మొహం మాడిపోయింది. అయినా కొద్దిరోజులకే కొత్త పల్లవితో తిరిగొచ్చాడు.

చాటుగ మాటాడ ఒక బాస ఉండె
చాటెల్లిపోయె, మాటెల్లిపోయె

ఒక్క అక్షరం ముట్టుకోలేదు. నా సలహా ఫలించిందని గర్వపడ్డాను కూడా. ఆఖరి చరణంలో ఆ ప్రేమ ఇక ముగిసిందని తేల్చేశాడు. దానికీ సరేనన్నాను.

రికార్డింగుకు సువర్ణను వెంట తెచ్చాడు. ఏదో భక్తి పాట అనుకుని వచ్చింది. అద్దానికి అవతల అతను, ఇవతల నా పక్కన ఆమె. ముందుగా డమ్మీ ట్రాక్, అంటే కొలతలు సరిచూసుకోవడానికి పాడేది, పూర్తయింది. ఆమె హెడ్‌ఫోన్లు తీసి, అతనికి వినపడాలంటే ఎట్లా మాట్లాడాలని నన్నడిగింది. టాక్‌బ్యాక్ బటన్ నొక్కి మైకు ఆమె వైపు తిప్పాను.

"అన్నీ నిజమే రాసినవ్. గానీ అయిపోయిందని నీకెవరు చెప్పిండ్రు? నన్ను అడిగినవా?"

అద్దం అవతల వెంకటేశ్ తల దించుకుని నిలబడ్డాడు. ఆమె అంతటితో ఆగలేదు, మరాఠీలోకి మారింది. నాకు మరాఠీ బాగానే వచ్చు. ఆ మాటలు మాత్రం ఇక్కడ రాయను.

పాట ఆఖరి చరణం లేకుండానే రికార్డయింది. పాట బాగుందో లేదో నేను తేల్చగలను, అందులో సందేహం లేదు. ప్రేమ వాడిపోయిందో లేదో తేల్చడం మాత్రం రాసినవాడొక్కడి వల్లా కాదు, నా వల్లా కాదు. ఆ తర్వాత అలాంటి పాట పట్టుకొచ్చిన ప్రతివాణ్నీ, కాగితం తెరవకముందే, ఆమె విన్నదా అని అడిగేదాన్ని. చాలామంది కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లారు.